సల్లది అన్న మాట వెంట

మంగళవారం సాయంత్రం కుక్కర్ రెండో కూత వేసింది. మా నాలుగేళ్ల చరణ్ సగం తాగిన గ్లాసు నా ముందు పెట్టి, “అమ్మా, ఈ నీళ్లు తియ్యగా ఉన్నాయి. మొత్తం తాగేయనా?” అన్నాడు. నోట్లో చాక్లెట్ ఉందేమో అనుకుని నవ్వాను. అప్పుడు ఏడేళ్ల మేఘన లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, “నాకూ కొంచెం తియ్యగానే అనిపించాయి,” అంది. స్టవ్ కట్టేయడానికి చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. మూడో కూత వినబడింది, నాలుగోది కూడా.

అవి కొత్తగా కొన్న నీలం డ్రమ్ములోంచి పట్టిన మొదటి నీళ్లు. గాజులరామారంలో మా వీధికి కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. అందుకని ఆదివారం మేడ్చల్ నుంచి వస్తూ రోడ్డు పక్కన పాత డ్రమ్ముల కొట్టులో ఒకటి కొన్నాం. రెండుసార్లు కడిగాను. వేలు ముంచి నాలుక చివర పెట్టుకున్నాను. నిజమే, తీపి. ఎక్కడో దూరంగా, మంచి కల లాంటి తీపి.

నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. ఇప్పుడు ఇంట్లోనే ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఆ వారం చెబుతున్న పాఠమే పాలిమర్లు. పాలియెస్టర్ తయారీకి కావలసిన రెండు పదార్థాల్లో ఒకటి ఇథిలీన్ గ్లైకాల్. రంగు లేదు, వాసన లేదు, తియ్యగా ఉంటుంది, విషం. బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. రాసిన ప్రతిసారీ చివరి మాట తొందరగా దాటేసేదాన్ని, పరీక్షలో రాదని.

ఆ రాత్రంతా ఆసుపత్రిలో గడిచింది. పొద్దునకు రిపోర్టులన్నీ బాగానే వచ్చాయి. “అంత నీళ్లలో కలిసింది, పిల్లలు తాగింది కొద్దిగా. భయం లేదు. రెండు రోజులు కనిపెట్టుకుని ఉండండి,” అన్నారు డాక్టరు. మావారు నా భుజం మీద చెయ్యి వేశారు. నాకు ఏడుపు రావాలి, రాలేదు. ఎందుకంటే ఆదివారం ఆ కొట్టులో అలాంటివి రెండు డ్రమ్ములున్నాయి. ఒకటి నేను కొన్నాను. రెండోదాన్ని ఇంకొకామె కొంది. కొన్నది నా మాట మీద.

గాజులరామారం నుంచి

మాది రేపల్లె వైపు. పెళ్లయి ఇద్దరం ఇటు వచ్చి ఎనిమిదేళ్లు. ఇక్కడి మాటలు ఒక్కొక్కటే నేర్చుకున్నాను. వేరుశనగలు పల్లీలు, బంగాళాదుంప ఆలుగడ్డ, సంత అంగడి, ఆదివారం ఐతారం, గురువారం బేస్తారం. ‘చ’ ఉండాల్సిన చోట చాలాసార్లు ‘స’ పలుకుతుందని పట్టుకున్న రోజు ఎంత సంతోషించానో. చల్ల అంటే మజ్జిగ కదా, దాన్ని ఇక్కడ సల్ల అంటారు.

ఆదివారం నేను కొట్టాయన్ని అడిగాను, “ఇందులో ఇంతకుముందు ఏముండేది?” అని. ఆయన వేరే బేరంలో ఉండి, “గా రెండు సల్లది అమ్మా,” అన్నాడు. మావారు అర్థం కాక నా వైపు చూశారు. “మజ్జిగదట,” అన్నాను నవ్వుతూ, గొప్పగా. పక్కనే ఎర్ర చీర కట్టుకున్న ఒకామె, ఆమె భర్త నిలబడి ఉన్నారు. ఆమె నన్నడిగింది: “నీళ్లకు మంచిదేనా అమ్మా? బేస్తారం మా బిడ్డ బిడ్డను తొట్టెలేస్తున్నం. మస్తు మంది వస్తరు.” నేను మళ్లీ అదే గొప్పతో, “మంచిదేనండీ. మజ్జిగ పోసిన డ్రమ్మే. కడిగితే చాలు,” అన్నాను. వాళ్లది శామీర్‌పేట దగ్గరని మాత్రం విన్నాను. పేరు తెలియదు, ఫోన్ నంబరు లేదు.

అప్పటికి బుధవారం పొద్దున. తొట్టెల, అంటే ఇక్కడి బారసాల, రేపే. పిల్లల్ని మావారికి అప్పజెప్పి, ఒక నీళ్ల సీసా తీసుకుని బయల్దేరాను.

కొంపల్లి దాటాక బస్సు కిటికీలోంచి మంచు కనిపించింది. రాత్రి నిద్ర లేదేమో, మేలుకునే ఉన్నానో కల కంటున్నానో తెలియలేదు. మంచులో చిన్న చిన్న మనుషులు కనిపించారు, జంటలు జంటలుగా, విడివిడిగా. ఇథిలీన్ అణువులు అలా ఉంటాయని పిల్లలకు చెబుతుంటాను. ఇద్దరేసి రెండు చేతులూ పట్టుకుని ఉంటారు. అదే ద్విబంధం. ఎవరో వచ్చి కదిపితే ఒక చెయ్యి వదిలి పక్కవాళ్లది పట్టుకుంటారు. వాళ్లు ఆ పక్కవాళ్లది. అలా వేలమంది. ఎవరూ ఏమీ పోగొట్టుకోరు. ఇది సంకలన పాలిమర్. మా నీలం డ్రమ్ము అదే.

సంఘనన పాలిమర్ కథ వేరు. రెండు వైపులా చేతులున్న ఇద్దరు కలుస్తారు. కలిసిన ప్రతిచోటా కొంచెం వదులుకుంటారు. వదిలినదంతా నీళ్లై పోతుంది. గ్లైకాల్ ఒక ఆమ్లంతో అలా కలిసి కలిసి పాలియెస్టర్ అవుతుంది. నా ఒళ్లో ఉన్న నీళ్ల సీసా అదే. విడిగా ఉన్నప్పుడు విషమైనది, చేతులు కట్టేసుకున్నాక నా దాహం తీరుస్తోంది. గ్లైకాల్‌ను కూడా ఇథిలీన్ నుంచే చేస్తారు. అంటే డ్రమ్మూ అందులోని తీపీ ఒక తల్లి పిల్లలే. ఆ ఆలోచన రాగానే సీసా మూత బిగించి సంచిలో పెట్టేశాను.

పక్క సీటులో ఉడకబెట్టిన పల్లీల గంపతో ఒకామె. గ్లాసు ఇరవై రూపాయలు. నా ముఖం చూసి, “రాత్రి పండుకోలేదా బిడ్డా? గివ్వి దిను, పానం వస్తది,” అని పొట్లం కట్టి చేతిలో పెట్టింది. ఒలుచుకు తిన్నాను. రుచి తెలియలేదు. వేడి మాత్రం తెలిసింది.

మేడ్చల్

కొట్టుకు బోర్డు లేదు. హైవే పక్కన రేకుల కంచె, లోపల వరసలు వరసలుగా డ్రమ్ములు. నీలం, తెలుపు, అక్కడక్కడ నలుపు. కొట్టాయన పేరు యాదగిరి. అరవై ఉంటాయి. మంకీ క్యాప్ పెట్టుకుని ఎండలో కూర్చుని సర్వపిండి ముక్క చాయ్‌లో ముంచుకుని తింటున్నాడు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు అద్ది కాల్చిన రొట్టె అది. మా వైపు తపేలా చెక్కంటారు. చాయ్‌లో ముంచుకోవడం మాత్రం అక్కడే చూశాను.

“ఐతారం డ్రమ్ము కొన్నాను. సల్లది అన్నారు,” అన్నాను.

“అవు, జెప్పిన.”

“మజ్జిగదే కదా?”

ఆయన నమలడం ఆపాడు. “మజ్జిగనా? మజ్జిగ డ్రమ్ములల్ల ఎవడు పోస్తడమ్మా? గంత మజ్జిగ దాగేటోళ్లు ఏడున్నరు?”

“మరి సల్ల అంటే?”

“సల్లది అంటే సల్లగజేసేది. కంపెనీలల్ల పెద్ద పెద్ద ఏసీ మిషన్లుండయా, గా పైపులల్ల తిరుగుతది. సల్లటి మందు.”

లేచి నన్ను వరసల మధ్యకు తీసుకెళ్లాడు. తనకు చదువు రాదట. డ్రమ్ము మీద అంటించిన కాగితాలు ఎలాగూ చినిగిపోయే వస్తాయి. అందుకని సరుకు తెచ్చిన వాణ్ణి అడిగి తన పేర్లు తాను పెట్టుకున్నాడు. ముక్కు మండితే ఘాటుది. వేలికి అంటితే జిడ్డుది. మిషన్లకు పోసేది సల్లది. చివర గోడవార ఇంకో వరస. “గివ్వి తీపియి. బిస్కెట్ల కంపెనీల పాకం వస్తది గదా, గవి. నీళ్లకంటే నేను గివే ఇస్త.”

ఆయన ‘తీపివి’ మంచివి, ‘సల్లవి’ నాలుకకు తియ్యనివి.

“నీళ్లకని నువ్వు జెప్పలే అమ్మా,” అన్నాడాయన నెమ్మదిగా. “సల్లదంటె నవ్వినవ్. నీకు ఎరుకనే అనుకున్న.”

నిజమే. నవ్వాను. ఇంకొక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే ఆ మాట నాకు రానట్టు తెలిసిపోతుందని అడగలేదు.

పిల్లలు తాగారని చెప్పగానే ఆయన మంకీ క్యాప్ తీసి చేతిలో పట్టుకున్నాడు. రెండో డ్రమ్మును తీసుకెళ్లింది అలియాబాద్ సలీం సామాన్ల ఆటో అని గుర్తు చేసుకున్నాడు. నాలుగుసార్లు ఫోన్ చేశాడు. “ఎత్తుతలేడు. బండి సప్పుడుల ఇనవడదు ఆనికి. చౌరస్తకాడనే ఉంటడు, జల్దీ పో.”

వస్తుంటే వెనక నుంచి గట్టిగా అన్నాడు: “ఒక్కటి గూడ ఇగ అమ్మను బిడ్డా, నీళ్లకా అని అడగకుంట.”

అలియాబాద్

షేర్ ఆటోలో వెనక చివర కూర్చుంటే దారి వెనక్కి పారిపోతూ కనిపిస్తుంది. ప్లాట్ల హద్దురాళ్లు, వాటి మధ్య ఇంకా మిగిలిన మక్కజొన్న చేలు, మళ్లీ హద్దురాళ్లు. పక్కన కూర్చున్న ముసలాయన అవన్నీ ఒకప్పుడు ద్రాక్షతోటలని చెప్పాడు. కళ్లు మూతలు పడుతుంటే పందిళ్లు నిజంగానే కనిపించినట్టయింది. ఆ పందిళ్ల కింద ఎర్ర చీర ఒకామె వెళ్తోంది. పిలుస్తున్నాను, వినిపించడం లేదు. ఉలిక్కిపడి లేచేసరికి చౌరస్తా వచ్చింది.

సలీం పాతికేళ్లవాడు. ఆటో కిందికి దూరి ఏదో బిగిస్తున్నాడు. నీలం డ్రమ్ము అనగానే బయటికి వచ్చాడు.

“శామీర్‌పేట్ చెర్వు పక్కకు. అంజయ్యన్న ఇల్లు. చేపలు పడ్తడు. ఏమైందక్కా?”

చెప్పాను. చేతులు తుడుచుకోకుండానే బండి తీశాడు. “కూసో అక్కా. పరేషాన్ గాకు. పది నిమిషాలు.”

సామాన్ల ఆటోలో ముందు ఒకటే సీటు. నేను అంచున ఇరుక్కుని కూర్చున్నాను. పది నిమిషాలన్నవాడు దారిలో గొర్రెల మందకు ఆగాడు. కాపరిని బతిమాలాడు, తిట్టాడు, చివరికి దిగి తనే గొర్రెల్ని తోలాడు. ఒక పొట్టేలు బండి ముందు నిలబడి మమ్మల్నే చూస్తోంది. “అరే, నీకన్న అర్థమైతలేదా? పిల్లల ముచ్చట!” అన్నాడు దానితో. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు వెంటనే భయమేసింది.

శామీర్‌పేట

ఇంటి ముందు అప్పుడే టెంటు కడుతున్నారు. గుమ్మం పక్కన రెండు రాళ్ల మీద డ్రమ్ము. కుళాయి బిగించి ఉంది. మెడ చుట్టూ బంతిపూల దండ, పసుపు కుంకుమ బొట్లు. మా వైపు బారసాల నాడు ఉయ్యాలకే పూలు కడతాం. ఇక్కడ నీళ్లకూ కట్టారు.

ఎర్ర చీర ఆమె నన్ను చూడగానే గుర్తుపట్టింది. ఆమె పేరు బాలమణి. “ఓ మజ్జిగామే! ఎట్ల దొర్కవట్టినవ్ మా ఇల్లు? రేపు గదా తొట్టెల, ఇయ్యాల్నే అచ్చినవ్!” అంటూ కుళాయి తిప్పి చెంబు నింపి నా చేతికిచ్చింది. “పొద్దుగాలనే నింపినం. ఇంకా ఎవ్వరు ముట్టలే. నువ్వు జెప్పిన డ్రమ్మాయె, ముందుగాల నువ్వే తాగాలె.”

గుమ్మంలో వాళ్లమ్మాయి పసిపాపను భుజాన వేసుకుని నవ్వుతూ చూస్తోంది. వాకిట్లో బాలమణి భర్త అంజయ్య వల బాగుచేసుకుంటున్నాడు. ఎండకు చెంబులో నీళ్లు మెరిశాయి. ఎంత తేటగా ఉన్నాయో.

చెంబు వంచి నీళ్లు నేల మీద పోసేశాను.

బాలమణి ముఖం మారిపోయింది. ఇంటికొచ్చిన మనిషి తనకిచ్చిన నీళ్లు గుమ్మం ముందు పారబోయడం ఎక్కడైనా తప్పే. “గదేంది?” అంది.

“తాగకండి. నేను చెప్పింది తప్పు. అది మజ్జిగది కాదు. మందుది.”

అంజయ్య వల కింద పెట్టాడు. “నేను జెప్పలేదా?” అన్నాడు భార్యతో. “సల్లదంటె మందుది గావొచ్చు, వద్దని మొత్తుకోలేదా?”

“జెప్పినవ్,” అంది బాలమణి. కళ్లు నా మీదే ఉన్నాయి. “సదువుకున్నామె జెప్తాంది, నీకేం ఎరుకని నేనే నీ నోరు మూయించిన.”

ఆ కొట్టులో తెలిసిన మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. తెలియని నా మాట చెల్లింది.

సలీం గొర్రెల సంగతి చెప్పబోయి ఆగిపోయాడు. బాలమణి అడిగింది: “నీకెట్ల ఎరుకైంది?”

“మా పిల్లలు తాగారు.”

“ఆ!” ఆమె నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. “ఎట్లున్నరు? పోరగాండ్లు ఎట్లున్నరు?”

“బాగున్నారు. పర్వాలేదన్నారు.”

అప్పుడు వచ్చింది పొద్దున రాని ఏడుపు. ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆమె చీరకు బంతిపూల వాసన, చేపల వాసన.

డ్రమ్మును చెరువు వాలులో ఒంపేద్దామన్నాడు అంజయ్య. వద్దన్నాను. తీపికి కుక్కలు, గొడ్లు వచ్చి నాకుతాయి. ఇంటికి దూరంగా ఖాళీ నేలలో గుంత తవ్వారు. డ్రమ్మును ఆటోలో అక్కడికి చేర్చి ఒంపాం. నీళ్లు ఇంకుతుండగానే ఒక తెల్లకుక్క తోక ఊపుతూ వచ్చింది. సలీం దాన్ని అదిలించి, మట్టి కప్పేదాకా గుంత పక్కనే కాపలా నిలబడ్డాడు. అది మట్టిలో ఉండిపోతుందా అని అంజయ్య అడిగాడు. లేదు, మట్టిలోని సూక్ష్మజీవులు కొన్నాళ్లకు దాన్ని తినేస్తాయన్నాను. డ్రమ్మును మాత్రం ఏదీ తినదు.

“డ్రమ్ము నాకు పనికొస్తది. మూతి బిగించి తెప్పకు కడ్త. మునగదు, కుళ్లదు,” అన్నాడు.

బాలమణి నన్ను పంపలేదు. జొన్నరొట్టె, ముందురోజు చేపల పులుసు పెట్టింది. మా వైపు పులుసులో బెల్లం ముక్క వేస్తాం. వీళ్లు వేయరు. ఆ రోజు అందులో తీపి లేకపోవడం నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. రెండో రొట్టె అడిగి పెట్టించుకున్నాను.

తిని వచ్చి అంజయ్య పక్కన కూర్చున్నాను. ఆయన మళ్లీ వల అందుకున్నాడు. డ్రమ్మూ వలా అన్నీ ఒకటే ప్లాస్టిక్ కాదా అని అడిగాడు. కాదన్నాను. వల నైలాన్. అది రెండు రకాల ముక్కలు కలిసి తయారవుతుందనీ, కలిసిన ప్రతిచోటా కొంచెం నీరు వదిలేస్తుందనీ, డ్రమ్ములో అలా ఏమీ పోదనీ చెప్పాను. క్లాసులో కూడా ఇంత భయపడుతూ పాఠం చెప్పలేదు, మళ్లీ ఏదైనా తప్పు చెబుతానేమోనని.

ఆయన ఒక ముడి వేసి, బిగించి, మిగిలిన కొసల్ని బ్లేడుతో తెంపాడు. సన్నటి తెల్లటి ముక్కలు ఆయన ఒళ్లో రాలాయి. అప్పటికే అలాంటివి గుప్పెడున్నాయి. “గిట్లనా?” అన్నాడు. “ముడి ముడికి ఇంత పోతది. పూసల దండ గుచ్చితే ఏం పోదు. ఒకదానెన్క ఒకటి ఎక్కుడే.”

“అచ్చం అలాగే,” అన్నాను. పన్నెండేళ్లుగా ఈ పాఠం చదువుతూ, చెబుతూ ఉన్నాను. నాకు ఎప్పుడూ ఇంత తేలికగా తోచలేదు.

సాయంత్రం చెరువు మీద వెలుగు పలచగా పరుచుకుంది. దూరంగా రెండు తెప్పలు కదులుతున్నాయో ఆగి ఉన్నాయో తెలియడం లేదు. నీళ్లూ ఆకాశమూ ఎక్కడ కలిశాయో కూడా కనబడలేదు. లోపల పాపను నిద్రపుచ్చుతున్న పాట వినిపిస్తోంది. మాటలు సగమే అర్థమయ్యాయి. మిగతా సగం ఏమిటని బాలమణిని అడిగాను. ఆమె నవ్వుకుంటూ ఒక్కో మాటా విడమరిచి చెప్పింది.

బయల్దేరేటప్పుడు ఆమె ఖాళీ రాళ్ల వైపు చూసి, “రేపు నీళ్లకు ఏం జేద్దుమో,” అని తనలో తాను అనుకుంది. నాతో మాత్రం, “పిల్లలను తీస్కొని రా. మరువకు,” అంది.

గురువారం పొద్దున

ఇది రాయడం రాత్రుళ్లు పిల్లలు పడుకున్నాక. ఇద్దరి ఊపిరీ వినిపించేంత దగ్గర్లో కూర్చుని రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు లేచి ముట్టుకుని చూశాను. వాళ్లు బాగున్నారు. డాక్టరు మళ్లీ చూసి అదే చెప్పారు.

ఆ గురువారం పొద్దున ఆరింటికి ఇద్దర్నీ లేపాను. మావారు కింద ఆటోలోకి నీళ్ల క్యాన్లు ఎక్కిస్తున్నారు. మేఘన కళ్లు నులుముకుంటూ, “స్కూలుకా?” అంది.

“కాదు. శామీర్‌పేట వెళ్తున్నాం. అక్కడ ఒక చిన్న పాపను మొదటిసారి తొట్టెలో వేస్తారు.”

“నీళ్లు మనమెందుకు తీసుకెళ్లాలి? వాళ్లకు లేవా?”

“ఉండేవి. నిన్న నేను పారబోయించాను. ఒక మాట అమ్మకు సరిగ్గా తెలియలేదు. తెలిసినట్టు వాళ్లకు చెప్పాను. వాళ్లు నమ్మారు. అందుకని ఇవాళ ఆ ఇంటికి వచ్చిన వాళ్లందరికీ మనమే గ్లాసుల్లో నీళ్లు పోసి ఇవ్వాలి. చరణ్ గ్లాసులు అందిస్తాడు, నువ్వు పోస్తావు. వాళ్ల మాట మన మాట లాగా ఉండదు. ఏదైనా అర్థం కాకపోతే తల ఊపకండి. ఇంకోసారి చెప్పమని అడగండి. ఎవరూ నవ్వరు. నవ్వినా ఏం కాదు.”